పొగగొట్టాల పేటలో అద్దాల మేడలు
నగరం నడిబొడ్డున ఆఫీసుల నేల - ఎవరి వాటా ఎంత?

పెద్ద నగరం ఏదైనా సరే, దాని నడిబొడ్డున ఒక ఆఫీసుల పేట ఉంటుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, షేర్ల వ్యాపారం, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ అక్కడే. పొద్దున లక్షల మంది వస్తారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఆ మేడల ఎత్తు చూసి ఆశ్చర్యపోతాం కాని, వాటి కింద ఉన్న నేల గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. ఆ నేల అంతకుముందు ఏమిటి? అక్కడ ఆఫీసులే రావాలని ఎవరు నిర్ణయించారు? రోడ్డుకెంత, రైలుకెంత, పార్కుకెంత, ఇళ్ళకెంత అని ఎప్పుడు పంచారు? నగర ప్రణాళిక అంటే చివరికి ఈ పంపకమే.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి ముంబయిని మించిన పాఠశాల మన దేశంలో లేదు. అక్కడ ఆఫీసుల పేట ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు పుట్టాయి. పైగా ఆ నేలతో మనవాళ్ళకు తరాల అనుబంధం ఉంది. 18వ శతాబ్దం చివరలో కూలిపనికీ, కట్టుబడి పనికీ తెలుగునాట నుంచి వెళ్ళిన కామాఠీల పేరుమీదనే కామాఠిపురా ఏర్పడింది. ఆ తర్వాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు వర్లీ, పరేల్ బట్టల మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డాయి. ఈ పత్రిక చదివే మహారాష్ట్ర తెలుగు కుటుంబాల్లో తాతో, మేనమామో మిల్లులో పనిచేయని ఇల్లు అరుదేమో! ఆ మిల్లులున్న చోటే ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డాయి.

కోట నుంచి సముద్రంలోకి

పాత బొంబాయిలో వ్యాపారమంతా ఆంగ్లేయుల కోట గోడల లోపలే సాగేది. 1860లలో గవర్నరు బార్టిల్ ఫ్రియర్ హయాంలో ఆ గోడలు కూల్చారు. అమెరికా అంతర్యుద్ధం (1861-65) వల్ల మన పత్తికి గిరాకీ పెరిగి, బొంబాయికి డబ్బు వరదలా వచ్చిన కాలమది. గోడలు పోయిన చోట వెడల్పాటి వీధులు, మైదానాలు, ప్రజా భవనాలు వచ్చాయి. కోట పోయినా "ఫోర్ట్" అన్న పేరు మిగిలింది. నగరానికి తొలి ఆఫీసుల పేట అదే. గోడలు పడిన జాగానంతా అమ్మేసుకోకుండా మైదానాలకు కొంత వదిలారు కాబట్టే ఓవల్, క్రాస్ మైదానాలు నేటికీ నగరానికి ఊపిరి పోస్తున్నాయి.

చోటు చాలకపోయేసరికి చూపు సముద్రం మీద పడింది. బ్యాక్ బే పూడ్చడానికి 1860లలోనే కంపెనీలు పెట్టారు. 1865లో షేర్ల బజారు కుప్పకూలి అవీ మునిగాయి. 1920లలో ప్రభుత్వమే మళ్ళీ పూనుకుంది. ఆ పనిలో జరిగిన అక్రమాలను ఖుర్షీద్ ఫ్రాంజీ నారిమన్ అనే న్యాయవాది బయటపెట్టాడు. ఒక ఇంజనీరు ఆయన మీద పరువునష్టం దావా వేస్తే, గెలిచింది నారిమనే. సముద్రాన్ని పూడ్చే పనిలోని అవినీతిని ఎండగట్టిన ఆ మనిషి పేరే, తర్వాత సముద్రాన్ని పూడ్చి కట్టిన నారిమన్ పాయింటుకు పెట్టారు. చరిత్రలో ఇలాంటి చమత్కారాలు ఉంటాయి.

1970లలో ఎయిర్ ఇండియా భవనం, ఎక్స్‌ప్రెస్ టవర్స్ వంటి మేడలతో నారిమన్ పాయింట్ దేశంలోకెల్లా ఖరీదైన ఆఫీసుల పేట అయింది. కాని అది ఉన్న చోటే దాని లోపం. ముంబయి ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని దీవి. నారిమన్ పాయింట్ దాని దక్షిణపు కొసన ఉంది. పనిచేసేవాళ్ళ ఇళ్ళేమో ఉత్తరాన దాదర్, అంధేరీ, బోరివలీ, ఠాణా వైపున. దాంతో పొద్దున రైళ్ళన్నీ దక్షిణానికి కిక్కిరిసి వెళ్ళడం, సాయంత్రం అలాగే ఉత్తరానికి తిరగడం. అదే సమయానికి ఎదురుదిక్కు బళ్ళలో కావలసినంత చోటు. ఒకే పట్టాలను సగమే వాడుకుంటున్నట్టు లెక్క.

ఈ ముప్పును ముందే చెప్పినవాళ్ళున్నారు. 1965లో చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ అనే ముగ్గురు "మార్గ్" పత్రికలో ఒక ప్రతిపాదన వెలువరించారు. ఆఫీసులన్నీ దక్షిణపు కొసన పోగుచేయవద్దు, ఖాడీకి అవతల కొత్త నగరం కట్టి పనులను అక్కడికి పంచండి అన్నది దాని సారాంశం. చార్లెస్ కొరియా పుట్టింది మన సికిందరాబాదులోనే, 1930లో. వారి మాట ఫలితంగా 1970లో సిడ్కో సంస్థ ఏర్పడి నవీ ముంబయి వెలసింది. అయితే సచివాలయం దక్షిణపు కొసనే ఉండిపోయింది. నారిమన్ పాయింటులో మేడలు లేస్తూనే ఉన్నాయి. ప్రభుత్వం కదలని చోటికి కంపెనీలు ఎందుకు కదులుతాయి? కొత్త నగరంలో ఇళ్ళు త్వరగానే వచ్చాయి, ఆఫీసులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి.

ముందుగా గీసిన పటం

మూడో పేట బాంద్రా-కుర్లా కాంప్లెక్స్. అందరూ బి.కె.సి. అనేది దీన్నే. మీఠీ నది ఒడ్డున బురద నేల, మడ చెట్లు ఉన్న సుమారు 370 హెక్టార్ల ప్రాంతం ఇది. మన లెక్కలో తొమ్మిది వందల ఎకరాల పైమాటే. 1977లో దీని ప్రణాళిక బాధ్యతను మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థకు (నేటి ఎమ్.ఎమ్.ఆర్.డి.ఎ.) అప్పగించారు. దక్షిణపు కొసన ఉన్న వత్తిడిని దీవి నడుమకు, ఉత్తరానికి లాగాలన్నది ఉద్దేశం.

ఇక్కడ పని జరిగిన వరుస గమనించాలి. ముందు పటం గీశారు. నేలను ఎ నుంచి హెచ్ దాకా బ్లాకులుగా విడదీశారు. రోడ్లు, కాలువలు వేసి, ఏ బ్లాకులో ఏమి రావాలో, ఎంత కట్టవచ్చో నిర్ణయించారు. ఆ తర్వాతే స్థలాలు ఇచ్చారు.

ఎంత కట్టవచ్చు అన్నదానికి కొలమానం ఎఫ్.ఎస్.ఐ. ఇది అర్థమైతే పత్రికల్లో వచ్చే భూముల వార్తలు సగం అర్థమైనట్టే. వెయ్యి గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి వెయ్యి గజాలు కట్టనిస్తే ఎఫ్.ఎస్.ఐ. 1 అన్నమాట. నాలుగు వేల గజాలు కట్టనిస్తే 4. బి.కె.సి. జి బ్లాకులో వాణిజ్య భవనాలకు మొదట 2 ఉండేది, తర్వాత 4 చేశారు. కాగితం మీద ఒక అంకె మారినంత మాత్రాన అదే స్థలం రెట్టింపు విలువ చేస్తుంది. అందుకే ఆ అంకె చుట్టూ అంత రాజకీయం.

ఇంకో మంచి పని ఏమిటంటే, ఇక్కడి స్థలాలను శాశ్వతంగా అమ్మకుండా 80 ఏళ్ళ లీజుకు ఇచ్చారు. నేల ప్రజా సంస్థ చేతిలోనే ఉంటుంది. లీజు సొమ్ము నగరానికి కావలసిన ఇతర నిర్మాణాలకు ఉపయోగపడుతుంది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి, సెబీ, నాబార్డ్ వంటి సంస్థలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2010లో వజ్రాల బజారు భారత్ డైమండ్ బోర్స్ ఇక్కడ మొదలైంది.

అలాగని బి.కె.సి. మచ్చలేనిదేమీ కాదు. పేరులో బాంద్రా, కుర్లా రెండూ ఉన్నా, ఏ స్టేషను నుంచీ సుఖంగా నడిచి చేరుకునే దూరం కాదు. ఏళ్ళ తరబడి ఉద్యోగులు షేర్ ఆటోల కోసం వరుసల్లో నిలబడ్డారు. పనిచేసేవాళ్ళతో పోలిస్తే అక్కడ ఇళ్ళు బహు తక్కువ. అన్నిటికీ మించి నది ఒడ్డున, మడ అడవిలో మట్టి పోశారన్న విమర్శ ఉంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడి, మీఠీ పొంగి ఊరు మునిగినప్పుడు ఆ విమర్శ మరింత గట్టిగా వినిపించింది. పటం గీయడం మంచిదే, కాని అందులో నీటి వాటా కూడా రాయాలి. మనం మరిచినా వాన మరవదు.

గిర్నీల నేల - మూడు వాటాల లెక్క

ఇక నాలుగో పేట, మనవాళ్ళకు అన్నిటికంటే దగ్గరిది, లోయర్ పరేల్. మిల్లును మరాఠీలో గిర్ణీ అంటారు. మన తెలంగాణలో పిండిమరను గిర్ని అన్నట్టే. పరేల్, లాల్‌బాగ్, వర్లీ చుట్టుపక్కల ప్రాంతమంతా గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు. 1854లో కావస్‌జీ దావర్ తొలి బట్టల మిల్లుకు పునాది వేసిన తర్వాత వందేళ్ళకు పైగా బొంబాయిని పోషించినవి మిల్లులే. సైరన్ కూతతో నిద్ర లేచి, చాళ్ళలో ఒకే గదిలో పదిమంది వంతులవారీగా పడుకుని, మిగిల్చిన డబ్బు మనియార్డరులో ఊరికి పంపిన తరం అది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మె లాంఛనంగా ముగియనే లేదంటారు. చాలా మిల్లులు మళ్ళీ తేరుకోలేదు. మగ్గాలు ఆగాయి కాని వాటి కింద ఉన్న నేల ఆగలేదు. నగరం నడుమ, రెండు రైలు మార్గాల మధ్యన ఉన్న సుమారు 600 ఎకరాలు బట్టకంటే ఎన్నో రెట్లు విలువైనవైపోయాయి.

ఈ నేలను ఏం చేయాలి? 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నియమాల్లో 58వ నియమం దీనికి ఒక జవాబు చెప్పింది. మిల్లు కూల్చి కొత్తగా కట్టదలిస్తే నేలను సుమారుగా మూడు వాటాలు చేయాలి. ఒకటి పార్కులు, ఆటస్థలాలకోసం నగరపాలికకు, ఒకటి సామాన్యుల ఇళ్ళకోసం గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, మిగిలినది యజమానికి. అన్నదమ్ముల పంపకంలా న్యాయంగా కనిపించే లెక్క. అయితే ఒక సందు ఉంది. పాత కట్టడం ఉంచేసి వాడకం మార్చుకుంటే వాటా ఇవ్వనక్కరలేదు. ఆ సందులోంచి కొన్ని మిల్లు షెడ్లలోకి ఆఫీసులూ, హోటళ్ళూ, వినోదశాలలూ వచ్చాయి.

1996లో మళ్ళీ చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘం వేశారు. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ మిల్లుల నేలలను విడివిడిగా కాక అన్నిటినీ కలిపి ఒకే పటంగా చూడాలన్నది ఆ సంఘం ఆలోచన. అలా చూస్తేనే ముక్కలు ముక్కలుగా వచ్చే ఖాళీ స్థలాలు ఒక్కచోట చేరి పెద్ద మైదానాలవుతాయి, స్టేషన్లకు దారులు వెడల్పవుతాయి. ఆ నివేదిక అటకెక్కింది.

2001లో నియమం మారింది. "మొత్తం నేల" అన్న చోట "ఖాళీగా ఉన్న నేల" అని వచ్చింది. చూడడానికి చిన్న మార్పే. ఒక ఉదాహరణ వేసుకుందాం. 15 ఎకరాల మిల్లు, అందులో 12 ఎకరాలు షెడ్ల కింద, 3 ఎకరాలు ఖాళీ. పాత లెక్క ప్రకారం సుమారు 5 ఎకరాలు పార్కుకు, 5 ఎకరాలు ఇళ్ళకు రావాలి. కొత్త లెక్క ప్రకారం ఆ 3 ఎకరాలనే పంచాలి. అంటే పార్కుకు ఒక ఎకరం, ఇళ్ళకు ఒక ఎకరం! మిల్లులంటే షెడ్డు పక్కన షెడ్డు కదా, ఖాళీ ఎక్కడుంటుంది?

మిల్లుల అప్పులు, కార్మికుల బకాయిలు తీరాలంటే అమ్ముకోవడానికి స్థలం ఎక్కువ ఉండాలని రెండో పక్షం వాదించింది. ఆ వాదనను కొట్టిపారేయలేం, బకాయిల కోసం ఎదురుచూసిన కుటుంబాల్లో మనవీ ఉన్నాయి. 2005లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ ఐదు మిల్లుల స్థలాలను సుమారు రెండు వేల కోట్ల రూపాయలకు అమ్మింది. పర్యావరణ సంఘం వేసిన దావాలో బొంబాయి హైకోర్టు 2005 అక్టోబరులో నగరం వాటా వైపు మొగ్గింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి 2001 మార్పును నిలబెట్టింది. పంపకం అలా ముగిసింది.

కార్మికుల ఇళ్ళ మాట మాత్రం పూర్తిగా వట్టిపోలేదు. మ్హాడాకు దక్కిన నేలలో కట్టిన 6,925 ఇళ్ళకు 2012 జూన్‌లో లాటరీ తీశారు. ఇంటి వెల సుమారు ఏడున్నర లక్షలు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు మాత్రం లక్షకు పైన. 1982 జనవరి 1 నాటికి గాని, ఆ తర్వాత గాని మిల్లు కొలువులో ఉన్నవాళ్ళు, వారి వారసులు ఇందుకు అర్హులు. ఇక్కడే మన కుటుంబాలు ఒక మాట గుర్తుంచుకోవాలి. సమ్మె తర్వాత ఊరికి తిరిగి వెళ్ళినవాళ్ళ ఇ.ఎస్.ఐ. కార్డు, ప్రావిడెంట్ ఫండ్ కాగితం, మిల్లు గుర్తింపు టికెట్టు వంటివి పాత ట్రంకు పెట్టెల్లో ఉండవచ్చు. అవి చిత్తుకాగితాలు కావు. ఆ మనిషి అక్కడ పనిచేశాడనడానికి మిగిలిన సాక్ష్యం అవే.

వంతెన మీద 23 మంది

పటంలో రాయని వాటా ఎవరు చెల్లిస్తారు? దీనికి జవాబు 2017 సెప్టెంబరు 29 పొద్దున వచ్చింది.

మిల్లుల చోట ఒక్కో కంపెనీ తన స్థలంలో తాను మేడ కట్టుకుంది. లోపల పూలతోట, పాలరాయి, వంద కార్లకు చోటు. గేటు బయట మాత్రం మిల్లు రోజుల నాటి రోడ్డే, ఆ కాలపు స్టేషన్లే. పశ్చిమ రైల్వే మీద ఎల్ఫిన్‌స్టన్ రోడ్, మధ్య రైల్వే మీద పరేల్ - పక్కపక్కనే ఉన్న ఈ రెండు స్టేషన్లను కలిపేది ఒక ఇరుకు పాదచారుల వంతెన. ఆఫీసులు పెరిగినకొద్దీ దాని మీద జనం పెరిగారు గాని, వంతెన వెడల్పు పెరగలేదు. ఆ రోజు వాన. తడవకుండా కొందరు మెట్ల మీదే ఆగారు, వెనక నుంచి రైళ్ళు దిగిన జనం వస్తూనే ఉన్నారు. తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. పనికి బయలుదేరిన మామూలు మనుషులు.

ఆ తర్వాత సైన్యాన్ని పిలిపించి కొత్త వంతెన కట్టించారు. 2018 ఫిబ్రవరి చివరికల్లా అది తెరుచుకుంది. అంటే కట్టదలిస్తే నెలల్లో అయ్యే పనే. 2018లోనే స్టేషను పేరు ప్రభాదేవి అయింది. 2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో ఒక భవనం పైకప్పు మీది హోటళ్ళలో మంటలు లేచి 14 మంది మరణించారు. ఒకప్పుడు మగ్గాలకోసం కట్టిన ఆవరణల్లోకి వేల మంది రాకపోకలు మొదలయ్యాక దారులు, నీళ్ళు, అగ్నిమాపక బళ్ళు తిరిగే చోటు ఇవన్నీ కొత్తగా ఆలోచించాలి కదా! ఆ ఆలోచన మేడలకంటే ముందు రావాలి.

మెట్రో మూడో మార్గం 2024 అక్టోబరులో ఆరే నుంచి బి.కె.సి. దాకా, 2025 మేలో వర్లీ దాకా, 2025 అక్టోబరులో కఫ్ పరేడ్ దాకా వచ్చింది. నారిమన్ పాయింట్ వైపు ఆఫీసులనూ, వర్లీనీ, బి.కె.సి.నీ ఒకే దారంలో గుచ్చిన 33 కిలోమీటర్ల పైచిలుకు మార్గం ఇది. మంచిదే. కాని బి.కె.సి. పటం గీసింది 1970లలో. రైలు రావడానికి దగ్గర దగ్గర యాభై ఏళ్ళు పట్టింది.

మన ఊళ్ళ సంగతి

ఇదంతా ఒక్క ముంబయి కథ అనుకోవద్దు. హైదరాబాదులో 2006లో ఎఫ్.ఎస్.ఐ. పరిమితినే తీసేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ వీటిని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఆకాశాన్నంటే మేడలు అందుకే సాధ్యమయ్యాయి. అమరావతిలో 2015 నుంచి రైతులు 33 వేలకు పైగా ఎకరాలను భూ సమీకరణకు ఇచ్చారు. ఎకరానికి బదులు వెయ్యి గజాల నివాస స్థలం, దానితోపాటు కొంత వాణిజ్య స్థలం ఇస్తామన్నది ఒప్పందం. పద్ధతులు వేరు. అడగవలసిన ప్రశ్నలు మాత్రం అవే.

మొదటిది, జనం వచ్చే దారి మేడకంటే ముందు సిద్ధమవుతోందా? రెండవది, పనిచేసేవాళ్ళలో కొందరైనా దగ్గరలో ఉండడానికి ఇళ్ళున్నాయా - ఆఫీసు ఊడ్చే మనిషికి కూడా? మూడవది, వాననీరు పోయే చోటు వదిలారా? నాలుగవది, ప్రజల నేల అయితే అమ్ముతున్నారా, లీజుకిస్తున్నారా? అన్నిటికంటే ముఖ్యం, ఈ వాటాలు కట్టకముందే కాగితం మీద పడ్డాయా? కట్టిన తర్వాత ముప్ఫై అంతస్తుల మేడను కాస్త పక్కకు జరపమని ఎవరినీ అడగలేం.

అడగడానికి మనకు హక్కు ఉంది. మహారాష్ట్రలో 1966 నాటి ప్రాంతీయ, నగర ప్రణాళిక చట్టం ప్రకారం ముసాయిదా పటం ప్రకటించి, ప్రజల సూచనలు, అభ్యంతరాలు తీసుకోవాలి. కర్ణాటకలో 1961, తమిళనాడులో 1971, యానాం ఉన్న పుదుచ్చేరిలో 1969 నాటి పట్టణ ప్రణాళిక చట్టాలు ఉన్నాయి. ఒడిశాకూ తన చట్టాలున్నాయి. ఇదేమీ వట్టి లాంఛనం కాదు. 2015 ఫిబ్రవరిలో ముంబయి ముసాయిదా పటం తప్పులతడకగా వస్తే వేలాది పౌరులు అభ్యంతరాలు రాశారు. ఏప్రిల్ నాటికి ప్రభుత్వం దాన్ని ఆపి తిరిగి చేయించింది. సవరించిన పటం 2018లో అమలుకు వచ్చింది.

మనం వలస వచ్చినవాళ్ళం, ఊరి వ్యవహారాల్లో మనకెందుకులే అన్న మొహమాటం మన కుటుంబాల్లో ఇంకా ఉంది. కామాఠీల చేతులు కట్టిన ఊరిలో, పద్మశాలీల మగ్గాలు నడిచిన నేలలో ఆ మొహమాటం అక్కరలేదు. మీ ఊరి ముసాయిదా పటం వచ్చినప్పుడు వార్డు ఆఫీసుకు వెళ్ళి చూడండి. పార్కు, బడి, వెడల్పు చేయవలసిన రోడ్డు అని గుర్తు పెట్టిన చోట్లు ఏమవుతున్నాయో గమనించండి. సంఘం సమావేశంలో పిల్లల చేత ఆ పటం చదివించండి. అభ్యంతరం రాయడానికి ఒక తెల్లకాగితం, గడువులోగా అందజేసే ఓపిక చాలు. వాటా అడగవలసింది పంపకం జరిగేటప్పుడే.